గంజాయిని చట్టబద్ధం చేయాలా? ఈ కేసులు వాదించే లాయరుగా నా సమాధానం

మీ ప్రశ్న చదివాను. కెనడా, జర్మనీ గంజాయికి అనుమతి ఇచ్చేశాయి, ఇక్కడ ప్రభుత్వమే మద్యం మీద బతుకుతోంది, మరి గంజాయి మీదే ఇంత కక్ష ఎందుకు అన్నారు. అన్ని మత్తుపదార్థాలనూ అనుమతిస్తే మాఫియా దానంతటదే పోతుంది కదా అని కూడా అడిగారు. చివర్లో అసలు సంగతి చెప్పారు. మీ తమ్ముడి రూమ్మేటు దగ్గర యాభై గ్రాములు దొరికి కేసయింది, తమ్ముడికీ నోటీసు వచ్చింది, అతను అమెరికా వెళ్లే ప్రయత్నంలో ఉన్నాడు.

నేను ఉత్తరాంధ్ర కోర్టుల్లో చాలా ఏళ్లుగా ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులు చూస్తున్నాను, ముద్దాయిల తరఫున. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాడేవాడి మీద క్రిమినల్ కేసు పెట్టడం మానేయాలి. సరుకు మోసిన కూలీకి కనీసం పదేళ్లు అనే పద్ధతి మారాలి. అంతమాత్రాన గంజాయిని దుకాణంలో పెట్టి అమ్మడానికి మాత్రం నేను ఒప్పుకోను. టీవీ చర్చల్లో అనుమతించాలా వద్దా అని రెండు జట్లుగా విడిపోయి అరుచుకుంటారు గానీ, కేసుల్లో వాడేవాడు వేరు, మోసేవాడు వేరు, పెట్టుబడి పెట్టేవాడు వేరు. మొదటి ఇద్దరూ నా ఆఫీసుకు రోజూ వస్తారు. మూడోవాడు వకాలతు మీద సంతకం పెట్టడం నేను చూసింది చాలా తక్కువ.

చట్టంలో ఏముందో ముందు తెలుసుకోండి. చర్చ చేసేవాళ్లలో సగం మందికి ఇది తెలియదు. 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క మొత్తం కాదు, పూత, కాయ ఉన్న కొసలు మాత్రమే. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. అందుకే ఆకుతో చేసే భంగు ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లోనే దొరుకుతుంది. మొక్క జిగురు చరస్. హ్యాష్ ఆయిల్ కూడా చరస్ లెక్కలోకే వస్తుంది. హైదరాబాదులో చిన్న చిన్న సీసాల్లో పోసి అమ్మేది ఇదే. గంజాయికి ఒక కిలో లోపు స్మాల్ క్వాంటిటీ, 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. చరస్‌కైతే ఈ హద్దులు వంద గ్రాములు, ఒక కిలో. జేబులో ఉన్న సీసాని 'గంజాయే కదా' అనుకునే కుర్రాళ్లకు ఈ తేడా కోర్టుకొచ్చాకే తెలుస్తుంది.

కిలో లోపు గంజాయికి గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలోకీ ఇరవై కిలోలకీ మధ్య అయితే పదేళ్ల దాకా వేయొచ్చు. ఇరవై దాటిందంటే కనీసం పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్లు, లక్షకు తగ్గని జరిమానా. మొదటి తప్పు, చదువు లేదు, ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడే అని ఏం చెప్పుకున్నా ఆ పదేళ్లలో ఒక్క రోజు తగ్గించే అధికారం విచారణ కోర్టుకు లేదు. పైగా బెయిలుకు 37వ సెక్షన్ అడ్డం. ముద్దాయి నిర్దోషి అనుకోవడానికి తగిన కారణాలున్నాయని, వదిలితే మళ్లీ నేరం చేయడని జడ్జికి నమ్మకం కుదరాలి. సాక్షి ఒక్కడూ బోనెక్కకముందే ఇది తేలాలి. ఛార్జిషీటుకు 180 రోజుల గడువు ఉంది, కోర్టు ఒప్పుకుంటే ఏడాది దాకా సాగుతుంది. 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక గంజాయి కేసులో ముద్దాయి విచారణ పూర్తికాకుండానే ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. విచారణ ఇంతగా ఆలస్యమైతే 37వ సెక్షన్ ఉన్నా బెయిలు ఇవ్వొచ్చని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఈ బరువంతా ఎవరి మీద పడుతోందో ఒక్క కేసుతో చెబుతాను. పాడేరు దాటి లోపలికి వెళ్తే ఉన్న ఒక గూడెం కుర్రాడు. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన మనిషి బైకు ఇచ్చి, వెనక సంచి కట్టి, నర్సీపట్నం అవతల దింపితే ఏడు వేలు ఇస్తానన్నాడు. సంచిలో రెండేసి కిలోల ప్యాకెట్లు పదకొండు, గట్టిగా నొక్కి బ్రౌన్ టేపు చుట్టినవి. ముందు ఇంకో బైకు పైలట్‌గా వెళ్లింది. చెక్‌పోస్టు దగ్గర పైలట్ దాటిపోయాడు, వీడు దొరికాడు. మధ్యవర్తుల నివేదికలో, అంటే సాక్షుల ఎదుట రాసే పంచనామాలో, 22 కిలోలు అని రాశారు. టేపు, కవరు, లోపలి కాడలు, ఆకులు, గింజలు అన్నీ కలిపి తూచిన బరువది. కొసలను మాత్రమే వేరుచేసి తూస్తే ఇరవై దాటేదా అన్నది మా వాదన. ఇరవై దాటకపోతే బెయిలు ఎప్పుడో వచ్చేది. ఫైల్లో 50వ సెక్షన్ కాగితం కూడా ఉంది. గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేటు ఎదుటో సోదా చేయించుకునే హక్కు నీకుంది, నాకు అక్కర్లేదని నువ్వు చెప్పావు అని తెలుగులో టైపు చేసి ఉంది, కింద వేలిముద్ర. సంచి సోదాకు ఆ సెక్షన్ వర్తించదు, ఒంటి సోదాకే వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, అయినా ఆ కాగితం ప్రతి ఫైల్లోనూ ఉంటుంది. ఆ కుర్రాడి భాష కువి. తెలుగు సంతలో బేరమాడేంత వచ్చు, అంతే.

ఏ1గా, అంటే మొదటి ముద్దాయిగా, రాసిన మనిషి పరారీలో ఉన్నాడన్నారు. పేరు ఒక్క ముక్క, ఊరి దగ్గర తమిళనాడు అని మాత్రమే ఉంది. మూడేళ్లయ్యాక, శాంపిళ్లు 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట తీయలేదన్న కారణం మీద కేసు కొట్టేశారు. కాగితం మీద నేను గెలిచాను. ఆ మూడేళ్లలో వాళ్ల నాన్న పోయాడు, వాళ్ల కాఫీ చెట్లను చూసే దిక్కు లేకపోయింది. పెట్టుబడి పెట్టినవాడి పేరు ఇప్పటికీ ఆ ఒక్క ముక్కే.

ఇలాంటి కుర్రాళ్లు విశాఖ జైల్లో ఎంతమంది ఉన్నారో అక్కడికి ములాఖత్‌కు వెళ్లేవాళ్లను ఎవర్ని అడిగినా చెబుతారు. సరుకు పండేది ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో. ముంచింగిపుట్టు, పెదబయలు, జీకే వీధి, చింతపల్లి, జి.మాడుగుల, అటు మల్కాన్‌గిరి. శీలావతి రకానికి మహారాష్ట్రలోనూ తమిళనాడులోనూ గిరాకీ ఎక్కువ. రైతుకు విత్తనం, ఎరువు, ఖర్చులకు అడ్వాన్సు ముందే ఇచ్చి పోతారు. పంట ఆర్నెల్లలో చేతికొస్తుంది, కొనేవాడు గుమ్మంలోకే వస్తాడు. కాఫీ మొక్క నాటితే మొదటి కాపు చూడటానికే మూడు నాలుగేళ్లు ఆగాలి. 2021 అక్టోబరు చివర్లో పోలీసులు మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తనలో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలుగా పోసి తగలబెట్టారు. ఇటువైపు సాగు బాగా తగ్గిన మాట నిజం. కాఫీ, మిరియాలు, రాజ్‌మా, పసుపు పంచిన ఊళ్లలో మార్పు నా కళ్లతో చూశాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ సాగు సరిహద్దు అవతలికి జరిగింది, రవాణా మాత్రం మన దారుల్లోనే సాగుతోంది, బండి నడిపేది మన గూడేల కుర్రాళ్లే.

గంజాయి మీద నిషేధం అనాదిగా వస్తున్నదని చాలామంది అనుకుంటారు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. దేశమంతా తిరిగి వెయ్యి మందికి పైగా సాక్షుల్ని విచారించి 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది, పూర్తి నిషేధం పనికిరాదు, పన్ను వేసి లైసెన్సులతో అదుపులో పెట్టండి అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం చాలా రాష్ట్రాల్లో అదే నడిచింది. 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయినీ నల్లమందునీ ఒకే గాటన కట్టింది. వైద్యానికి కాని వాడకాన్ని 25 ఏళ్లలో ఆపేయాలని గడువు పెట్టింది. ఆకును గంజాయి నిర్వచనంలోంచి తప్పించడంలో మన దేశం పట్టుబట్టింది కాబట్టే భంగు మిగిలింది. ఆ గడువు ముగిసేలోపు వచ్చిందే 1985 చట్టం. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన జాబితాలోంచి తీసేయాలా అని ఓటింగ్ జరిగితే 27-25తో తీర్మానం నెగ్గింది, భారత్ అనుకూలంగానే ఓటేసింది. అంటే బయట ఒక మాట, ఇంట్లో ఒక శిక్ష. ఈ వైరుధ్యాన్ని పార్లమెంటు ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కోక తప్పదు.

1985 చట్టంలో వాడకం కోసం దగ్గర పెట్టుకున్నవాడికి ప్రత్యేకంగా తక్కువ శిక్ష ఉండేది. 2001 సవరణ ఆ తేడాను చెరిపేసింది. ఇప్పుడు ఎందుకు పెట్టుకున్నావన్నది కాదు, ఎంత ఉందన్నదే లెక్క. తొమ్మిది వందల గ్రాములు పొట్లాలు కట్టి కాలేజీ గేటు దగ్గర అమ్మేవాడూ, యాభై గ్రాములు తన కోసం కొనుక్కున్న కుర్రాడూ ఒకే సెక్షన్ కింద నిలబడతారు. నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

ఇక మీ విదేశాల ఉదాహరణలు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1న వచ్చిన చట్టం దుకాణాలు తెరవలేదు. పెద్దవాళ్లు బయట 25 గ్రాముల దాకా దగ్గర పెట్టుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు, లాభాపేక్ష లేని సంఘాలు సభ్యుల కోసం పండించుకోవచ్చు. అంతే. కెనడా 2018 అక్టోబరు 17న అమ్మకాలకే అనుమతించింది. అక్కడ దొంగ సరుకు వాటా తగ్గింది, అరెస్టులు పడిపోయాయి. దాంతోపాటు ఇంట్లో ఉన్న గంజాయి మిఠాయిలు చిన్నపిల్లలు తిని ఆస్పత్రి పాలవడం పెరిగింది. రెండూ నిజమే.

థాయ్‌లాండ్ సంగతి ఎక్కువమంది చెప్పరు, మనకు అదే ఎక్కువ పనికొస్తుంది. 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితాలోంచి తీసేశారు. నియంత్రణ చట్టం మాత్రం సిద్ధం కాలేదు. ఎవరికి అమ్మాలి, ఎంత మత్తు ఉండొచ్చు, ప్రకటనలు ఉండొచ్చా అన్నవి తేలకుండానే వీధివీధికీ దుకాణాలు వెలిశాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2025 జూన్‌లో, పువ్వు కొనాలంటే వైద్యుడి చీటీ తప్పనిసరి చేసి వెనక్కి లాగారు. ఒకసారి వేల కుటుంబాలు పెట్టుబడి పెట్టాక వెనక్కి లాగడం ఎంత కష్టమో అక్కడివాళ్లు చూస్తున్నారు.

అదే మన దగ్గరైతే? ప్రభుత్వం మద్యం అమ్ముతోంది కాబట్టి గంజాయీ అమ్మొచ్చు అన్నారు మీరు. ప్రభుత్వం మద్యం ఎలా అమ్ముతోందో చూశాను కాబట్టే నేను వద్దంటున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కణ్నుంచి రాష్ట్రమంతా పాకిన ఉద్యమం వల్లే 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు, కాపుసారా, ఖజానాకు గండి కారణాలుగా చూపి 1997లో ఎత్తేశారు. నిషేధం విఫలమైందని మనం సరిగ్గానే గుర్తుపెట్టుకున్నాం. ఎత్తేశాక ఏమైందన్నది గుర్తుపెట్టుకోలేదు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీస్తే లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని ఫీజు రెండు లక్షలు. సీసా ఒక్కటి అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఆ డబ్బుకు అలవాటుపడిన ఏ ప్రభుత్వమూ తాగేవాళ్లు తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకోలేదు. లైసెన్సు దుకాణం మండల కేంద్రంలో ఉంటే, ఊళ్లో కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు ఉంటుంది. ఏ పార్టీ వచ్చినా బెల్టు షాపులు ఎత్తేస్తామంటుంది. బెల్టు షాపు లేని ఊరు మీ జిల్లాలో ఎన్ని ఉన్నాయో చెప్పండి. గంజాయికి ఇదే యంత్రాంగం, ఇదే లాటరీ, ఇదే బెల్టు వస్తాయి. వయసు చూసి అమ్ముతారని నేను నమ్మను.

వయసే ఇక్కడ అసలు సమస్య. గంజాయికి అలవాటు కాదన్న మాట తప్పు. వాడినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు దానికి లొంగిపోతారని వైద్యులు చెబుతారు. పద్దెనిమిదిలోపు మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎక్కువగా ఉన్న సరుకు, రోజూ వాడకం, చిన్న వయసు ఈ మూడూ కలిస్తే మతిభ్రమణం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో మానసిక జబ్బుల చరిత్ర ఉంటే మరీను. నా దగ్గరికొచ్చే కాలేజీ కుర్రాళ్లలో ఎవరో తరుముతున్నారంటూ నిద్రపోకుండా కూర్చునేవాళ్లను చూశాను. ఆ తల్లులకు లాయరు కన్నా ముందు సైకియాట్రిస్టు కావాలి. అదే సమయంలో కొలత కూడా తప్పకూడదు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం అంతకుముందు ఏడాదిలో మద్యం తాగినవాళ్లు దాదాపు 16 కోట్లు, భంగు సహా గంజాయి రకాలు వాడినవాళ్లు సుమారు 3 కోట్లు. మద్యంతో సమస్యల్లో ఉన్నవాళ్లు 5.7 కోట్లు, గంజాయితో ఉన్నవాళ్లు 72 లక్షలు. పెద్ద మంట మద్యమే. కానీ ఆ మంట పక్కనే ఇంకోటి రాజేయాలనడం నాకు న్యాయంగా అనిపించదు.

అన్ని మత్తుపదార్థాలనూ అనుమతించాలన్న మీ రెండో మాటకు ఒరెగాన్ జవాబు చెబుతుంది. అమెరికాలోని ఆ రాష్ట్రం 2021 ఫిబ్రవరి నుంచి హెరాయిన్, మెత్ సహా కొద్దిపాటి సరుకు దగ్గర ఉంటే జైలు తీసేసి వంద డాలర్ల చలానాతో సరిపెట్టింది. ఒక ఫోన్ నంబరుకు కాల్ చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే ఆ చలానా కూడా రద్దు. కాల్ చేసినవాళ్లు బహుతక్కువ. చికిత్సకు ఇస్తామన్న నిధులు ఆలస్యమయ్యాయి. సరిగ్గా అప్పుడే ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు ఊళ్లమీద పడింది. 2024 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ నేరం చేశారు. పోర్చుగల్ 2001 జులైలోనే ఇలాంటి పని చేసి నిలబడింది. తేడా ఏమిటంటే, అక్కడ పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవాణ్ని పోలీసులు ఒక కమిటీ ముందుకు పంపుతారు. అందులో న్యాయం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లుంటారు. మనిషి కుర్చీలో కూర్చుని ఎదురుగా మాట్లాడాలి. చికిత్స కేంద్రాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఇన్ని చేసినా అక్కడ అమ్మకం నేరంగానే ఉంది.

చికిత్స లేకుండా సరఫరా ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలంగాణ పల్లెలు ఇప్పటికే చూశాయి. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ లాంటి నిద్రమత్తు మందులు కలపడం అక్కడ దశాబ్దాల జబ్బు. 2015లో కల్తీ మీద గట్టిగా దాడులు చేసేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోజూ కల్లు తాగే జనం వణుకుతో, ఫిట్స్‌తో, వింత వింత మాటలతో ఆస్పత్రులకు బారులు తీరారు. వాళ్లు డ్రగ్స్ వాడుతున్నామని అనుకోలేదు. గౌడ సొసైటీ కల్లు తాగుతున్నామనుకున్నారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. ఆల్ప్రాజోలమ్ ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉన్నదే, వంద గ్రాములు దాటితే కమర్షియల్. లైసెన్సు ఉన్నచోట సరుకు శుద్ధంగా ఉంటుందని వాదించేవాళ్లు ఈ కల్లు డిపోల చరిత్ర ఒకసారి చూడాలి. దాడులతోనే అంతా తీరుతుందనేవాళ్లు ఆ ఆస్పత్రి వార్డులు చూసి ఉండాల్సింది.

నా చేతిలో ఉంటే ఏం చేస్తానంటారా? కిలో లోపు గంజాయితో దొరికినవాడు అమ్మినట్టు ఆధారం లేకపోతే క్రిమినల్ రికార్డు లేకుండా జరిమానా, కౌన్సెలింగ్‌తో వదిలేలా, గంజాయి శిక్షలు చెప్పే 20వ సెక్షన్‌ని సవరిస్తాను. ఎందుకు పెట్టుకున్నాడన్న ప్రశ్నను తిరిగి చట్టంలోకి తెస్తాను. కమర్షియల్ కేసుల్లో మోసినవాడికీ పెట్టుబడిదారుకీ ఒకే కనీస శిక్ష ఉండకుండా, కూలీకి మోసిన మొదటి నేరస్థుడికి పదేళ్లకన్నా తగ్గించే విచక్షణ జడ్జికి ఇస్తాను. తూకం ప్యాకింగ్ తీసి, కాడా ఆకూ వేరుచేసి మేజిస్ట్రేటు ఎదుటే జరగాలి. 27ఏ, అంటే పెట్టుబడి పెట్టేవాడి సెక్షన్, ఇప్పుడున్నంత కఠినంగానే ఉంచుతాను. దానికింద బ్యాంకు ఖాతాలు, ఫోన్లు, భూములు వెతికే మనుషుల్ని పెంచుతాను. వైద్యానికి పనికొచ్చే మందులకు, నార కోసం వేసే జనపనార తరహా సాగుకు చట్టంలో దారి ఇప్పటికే ఉంది. 2018లో ఉత్తరాఖండ్ మత్తు నామమాత్రంగా ఉండే రకానికి లైసెన్సులు ఇచ్చింది. ఏజెన్సీలో అది ఆలోచించొచ్చు గానీ, కాఫీకి ధర నిలబెట్టడం అంతకన్నా త్వరగా ఫలితమిస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. రూమ్మేటు దగ్గర దొరికిన యాభై గ్రాములు స్మాల్ క్వాంటిటీ, కాబట్టి 37వ సెక్షన్ బెయిలు అడ్డంకి రాదు. తమ్ముడికి వచ్చింది బహుశా బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 35(3) నోటీసు, అంటే అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనేది. ఇచ్చిన తేదీన లాయరును వెంటబెట్టుకుని తప్పకుండా వెళ్లమనండి. వెళ్లకపోతే అరెస్టుకు కారణం వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టు. ఫోన్‌లో చాటింగులు చెరిపేయొద్దు, రికవరీ అయితే అదే పెద్ద సమస్య. అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తూఫాన్ సింగ్ కేసులో చెప్పింది, అయినా చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దు. గది ఇద్దరిదీ కాబట్టి సరుకు ఎవరి స్వాధీనంలో ఉందన్నదే కేసంతా. రూమ్మేటు బీరువాలోదా, ఇద్దరికీ తెలిసిన చోటుదా అన్నది నివేదికలో ఎలా రాశారో మీ లాయరు ముందు అదే చూడాలి.

రూమ్మేటుకు నిజంగా అలవాటు ఉంటే 64ఏ సెక్షన్ గురించి వాళ్ల ఇంట్లో చెప్పండి. స్మాల్ క్వాంటిటీ కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోతుంది. ఇంత మంచి సెక్షన్‌ని కోర్టుల్లో వాడేవాళ్లు లేరు, చాలామంది లాయర్లు అడగరు కూడా. విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల, హైదరాబాదులో ఎర్రగడ్డ ఉన్నాయి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం చెబుతారు.

అమెరికా సంగతి మరింత జాగ్రత్త. అక్కడ చాలా రాష్ట్రాల్లో దుకాణాలున్నా ఫెడరల్ చట్టంలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థమే, వీసాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వమే. శిక్ష పడకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే ప్రవేశానికి అడ్డు కావచ్చు. కొలరాడోలో చట్టబద్ధంగా కొన్నానన్న జవాబు అక్కడ పనికిరాదు. గంజాయి దుకాణంలో పార్ట్‌టైమ్ చేసిన మన పిల్లలకు తర్వాత గ్రీన్‌కార్డు, పౌరసత్వం దగ్గర ఇబ్బందులు వచ్చాయి. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది, కేసు కొట్టేసినా సరే. నోటీసు వేరు, అరెస్టు వేరు. మీ తమ్ముడికి ఏది జరిగిందో కాగితం చూసి తేల్చుకోండి. ఏది జరిగినా దాచొద్దు. ఎఫ్‌ఐఆర్, నోటీసు, కోర్టు ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తీసిపెట్టుకుని, ఫారం నింపేముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ తెలిసిన లాయరుకు చూపించండి. నోటీసులో తేదీ, సెక్షన్లు ఇక్కడ రాస్తే (పేర్లు తీసేసి) తర్వాత ఏం చేయాలో వివరంగా చెబుతాను.